ఎ, యాన్, ద – మూడు చిన్న మాటలు



ఇంగ్లీషులో ఎ, యాన్, ద అనే మూడు మాటలను ఆర్టికల్స్ అంటారు. ఇవి చాలా చిన్నవి. కాని మనకు మార్కులు పోయేది వీటి దగ్గరే. ఎందుకంటే ఇవి తెలుగులో లేవు. మేము ఇంట్లో మాట్లాడే కోయలో కూడా లేవు. మన మాటలో లేనిదాన్ని ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలుస్తుంది? అందుకే నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

1. ఎ, యాన్

లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉంటే దాని ముందు ఎ గాని యాన్ గాని వస్తుంది. ఎ పెన్, ఎ గోట్, యాన్ ఎగ్. రైస్, వాటర్, మిల్క్ ఒకటి రెండు అని లెక్కపెట్టలేం కదా, వాటి ముందు ఎ రాదు. చాలా ఉన్నప్పుడు కూడా రాదు. ఎ గోట్స్ అనకూడదు.

ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్ వస్తుందని అందరం బట్టీ పడతాం. కాని చూడాల్సింది అక్షరం కాదు, పలికే శబ్దం. దీనికి మన తెలుగే సాయం చేస్తుంది. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. మొదట అచ్చు వస్తే యాన్, హల్లు వస్తే ఎ.

అవర్: స్పెల్లింగులో మొదట హెచ్ ఉంది, కాని పలకం. యాన్ అవర్.
యూనిఫాం: స్పెల్లింగులో యు ఉంది, కాని పలికేది య. ఎ యూనిఫాం.
వన్ రూపీ కాయిన్: పలికేది వ. ఎ వన్ రూపీ కాయిన్.
మనది యాన్ ఎస్.టి. హాస్టల్. బి.సి. వాళ్ళదయితే ఎ బి.సి. హాస్టల్.

ఒక్కచోట జాగ్రత్త. యాపిల్, యాంట్ అని మనం య పెట్టి రాస్తాం గాని ఇంగ్లీషులో అది అచ్చే. స్పెల్లింగు ఎ అక్షరంతో మొదలైతే యాన్ యాపిల్. వై తో మొదలైతే ఎ యార్డ్.

2. ద

చెప్పేవాళ్ళకు, వినేవాళ్ళకు ఇద్దరికీ అది ఏదో తెలిసి ఉంటే ద వస్తుంది. బ్రింగ్ ఎ బకెట్ అంటే ఏ బకెట్ తెచ్చినా సరే. బ్రింగ్ ద బకెట్ అంటే చెప్పుకున్న బకెట్టే తేవాలి. రాత్రి మేడమ్ గారు క్లోజ్ ద గేట్ అంటే ఏ గేటు అని ఎవరమైనా అడుగుతామా? అడగం.

ఒక్కటే ఉన్నవాటికి కూడా ద: ద సన్, ద మూన్. నదులకు ద వస్తుంది, ఊళ్ళకు, మనుషుల పేర్లకు రాదు. ద శబరి జాయిన్స్ ద గోదావరి నియర్ కూనవరం. చూశారా, రెండు ఏళ్ళకు ద ఉంది, కూనవరానికి లేదు.

అచ్చు ముందు ద ను ది అని పలకాలి. ది ఎగ్, ది ఆరెంజ్.

3. ఏదీ పెట్టని చోటు

ఇది అన్నింటికంటే ముఖ్యం. మై ఫాదర్ వెంట్ టు హాస్పిటల్ అంటే నాన్నకే జబ్బు చేసింది. వెంట్ టు ద హాస్పిటల్ అంటే పని మీదో, ఎవర్నో చూడ్డానికో వెళ్ళాడు. అమెరికా వాళ్ళు రెండింటికీ ద పెడతారు, మన పుస్తకాల్లో బ్రిటిష్ పద్ధతి ఉంటుంది. సెలవు చీటీ రాసేటప్పుడు చూసుకోండి, లేకపోతే మేడమ్ గారు కంగారుపడతారు.

స్కూలుకు కూడా అంతే. ఐ గో టు స్కూల్ అంటే చదువుకోడానికి వెళ్తున్నాను. మా అమ్మ చదువుకోలేదు. నన్ను చూడ్డానికి నెలకోసారి చింతపండు, ఇప్పపూల ఉండలు పట్టుకొని వస్తది. అమ్మ గురించి రాయాలంటే మై మదర్ కమ్స్ టు ద స్కూల్ అని రాయాలి. ద తీసేస్తే అమ్మ చదువుకుంటున్నట్టు అర్థం వస్తది. మన అమ్మల్లో చాలామంది ద స్కూల్ కే వచ్చారు గాని స్కూల్ కు పోలేదు. మనం పోతున్నాం. ఆ ద లేకుండా రాసే హక్కు మా ఇంట్లో ముందు నాకే వచ్చింది. అందుకే దీన్ని నేర్చుకోవాలి.

ఖాళీలు పూరించండి (ఒకచోట ఏదీ రాదు):
1. షి ఈజ్ ____ ఆనెస్ట్ గర్ల్.
2. ____ గోదావరి ఈజ్ ____ బిగ్ రివర్.
3. మై బ్రదర్ ఈజ్ ఇన్ సెకండ్ క్లాస్. హి గోస్ టు ____ స్కూల్ ఎవ్రీ డే.

జవాబులు వచ్చే సంచికలో. ముందే తెలిసినవాళ్ళు స్టడీ అవర్లో నాకు చెప్పండి, మీ పేరు ఇక్కడ రాస్తాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి