మన ట్రిక్ పక్కోడికి చెప్పేస్తే మనమే ఓడిపోతామా?

ఈ రోజు ఫైటింగ్ గేమ్స్ గురించి మాట్లాడుకుందాం. టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటివన్నమాట. "మేం గేమ్స్ ఆడం బ్రో" అనేవాళ్లు కూడా కాసేపు ఉండండి. బటన్స్ గురించి కొంచెమే చెప్తాను. అసలు ప్రశ్న వేరే ఉంది: నాకు తెలిసిన ట్రిక్ పక్కోడికి చెప్పేస్తే నాకు నష్టమా, లాభమా?

ముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్తాను.

మాది తెనాలి. నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు మా వీధి చివర ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. గంటకి 10 రూపాయలు. ఎవరు వెళ్లినా టెక్కెన్ 3 ఆడేవాళ్లు, అందులో సగం మంది ఎడ్డీనే తీసుకునేవాళ్లు. ఎందుకో మీకు తెలుసు. ఎక్స్, సర్కిల్ బటన్లు టకటకా నొక్కితే చాలు, వాడు డాన్స్ చేస్తున్నట్టు కాళ్లతో తన్నుకుంటూ పోతాడు. అది కపోయెరా, బ్రెజిల్ వాళ్ల యుద్ధకళ. అప్పట్లో నాకు అదేం తెలియదు, బటన్లు తెలుసు అంతే.

ఆ ఎండాకాలం సెలవులకి మా పిన్ని వాళ్లబ్బాయి వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్న. పిన్ని రోజూ వాడికి 10 రూపాయలు ఇచ్చేది. ఇద్దరం షాపుకి పోయేవాళ్లం. నేను ఎడ్డీతో వాడి కాళ్ల మీద తంతూనే ఉండేవాణ్ణి. వాడు నిలబడి బ్లాక్ చేసేవాడు. నిలబడి బ్లాక్ చేస్తే కింద తన్నే దెబ్బలు ఆగవు. కూర్చుని బ్లాక్ చేయాలి, అంటే కిందకీ వెనక్కీ కలిపి నొక్కాలి. ఆ ఒక్క ముక్క నాకు తెలుసు. వాడికి తెలియదు. నేను చెప్పలేదు.

"అన్నా, ఎలా కొడుతున్నావ్?" అని రోజూ అడిగేవాడు. "ప్రాక్టీస్ రా" అనేవాణ్ణి. ఇరవై రోజులు అలా గడిచాయి. తర్వాత వాడు షాపుకి రావడం మానేశాడు. ఆ 10 రూపాయలతో పుల్ల ఐస్‌లు కొనుక్కునేవాడు. నేను గెలిచాననే అనుకున్నా. కానీ ఆడటానికి మనిషి లేడు.

అసలు ఆ ట్రిక్ ఎలా పనిచేస్తుంది?

ఇప్పుడు కొంచెం టెక్నికల్‌గా చూద్దాం. టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి గేమ్స్ సెకనుకి 60 ఫ్రేమ్‌ల లెక్క మీద నడుస్తాయి. అంటే ఒక్క ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీ సెకన్లు. ప్రతి దెబ్బకీ మూడు భాగాలు ఉంటాయి. చెయ్యి బయల్దేరి తగిలే దాకా పట్టే టైమ్ ఒకటి. తగలగలిగే టైమ్ రెండోది. చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ మూడోది. ఆట కిటుకంతా ఈ మూడో భాగంలో ఉంది.

కబడ్డీ గుర్తు తెచ్చుకోండి. రైడర్ టచ్ కోసం కాలు లోపలికి చాపాడు. తగిలితే పాయింటే. తగల్లేదనుకోండి, ఆ కాలు వెనక్కి లాక్కునే లోపు డిఫెండర్ మడమ పట్టేస్తాడు. ఫైటింగ్ గేమ్‌లో దీన్నే పనిష్ అంటారు. అవతలివాడి దెబ్బ బ్లాక్ చేశాక, వాడు తేరుకునేలోపు మనం కొట్టే దెబ్బ.

లెక్క ఇలా ఉంటుంది. వాడి కింది దెబ్బ మీరు బ్లాక్ చేశారు, వాడు మీకంటే 12 ఫ్రేమ్‌లు వెనకబడ్డాడు అనుకోండి. మీరు కూర్చుని ఉన్నారు. టెక్కెన్ 7లో చాలా క్యారెక్టర్లకి లేస్తూ కుడికాలితో తన్నే దెబ్బ ఒకటి ఉంది, 11 ఫ్రేమ్‌లలో తగులుతుంది. 12 కంటే 11 తక్కువ. అంటే మీరు టైమ్‌కి నొక్కితే వాడు ఏం చేసినా అది తగిలి తీరుతుంది. ఇక్కడ అదృష్టం లేదు, టాలెంట్ లేదు. తీసివేత లెక్క, అంతే.

ఈ లెక్క తెలియనివాడికి అవతలివాడు మాంత్రికుడిలా కనిపిస్తాడు. తెలిసినవాడికి అప్పు చేసి ఖర్చు పెడుతున్న మనిషిలా కనిపిస్తాడు. ఎప్పుడు వసూలు చేయాలో తెలిస్తే చాలు.

నాకు ఎవరు చెప్పారు?

బీటెక్ హాస్టల్‌లో మా రూమ్మేట్ సిస్టమ్‌లో టెక్కెన్ 7 ఉండేది. నేను పెద్ద ప్లేయర్ ననే ఫీలింగ్‌లో ఉన్నా. ఒకరోజు ఈసీఈ సీనియర్ ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఓడిపోయా. తొమ్మిదో దాని తర్వాత ఆయన కంట్రోలర్ పక్కన పెట్టి అడిగాడు:

"కింద బ్లాక్ చేస్తున్నావ్ కదా, చేశాక ఏం చేస్తున్నావ్?"

"ఏం చేయట్లేదన్నా."

"అదే ప్రాబ్లం."

ప్రాక్టీస్ మోడ్ తెరిచాడు. అందులో ఎదుటి బొమ్మకి మనం ఒక కదలికని రికార్డ్ చేసి పెట్టొచ్చు, అది అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది. తను నన్ను కొడుతున్న కింది దెబ్బనే రికార్డ్ చేశాడు. "బ్లాక్ అవుతుండగానే చెయ్యి రెడీగా ఉండాలి, బ్లాక్ అయ్యాక ఆలోచిస్తే లేటు" అన్నాడు. అరగంట అదే చేయించాడు. గమనించండి, ఆయన నాకు నేర్పింది తన దెబ్బకే విరుగుడు.

రెండు వారాల తర్వాత ఆయన ఆ దెబ్బ వేస్తే బ్లాక్ చేసి, లేచి తన్నా. ఆయన నవ్వాడు. తర్వాతి రౌండ్‌లో ఆ దెబ్బ మానేశాడు. నేను కూర్చుంటానని కనిపెట్టి మధ్యలో కొట్టడం మొదలుపెట్టాడు. నేను మళ్లీ ఓడిపోయా, కానీ ఈసారి ఎందుకు ఓడిపోయానో నాకు తెలుసు.

అప్పుడు అర్థమైంది. నాకు చెప్పకపోతే ఆయన ఆ ఒక్క దెబ్బతోనే సంవత్సరమంతా గెలిచేవాడు, అక్కడే ఉండిపోయేవాడు. చెప్పాడు కాబట్టి ఆయన కొత్తది వెతుక్కోవాల్సి వచ్చింది. తెనాలిలో నాకు జరగనిది అదే. ఆ ఎండాకాలం మొదటిరోజు నాకు ఎంత ఆట వచ్చో చివరిరోజూ అంతే వచ్చు.

ఇది హాస్టల్ కథేనా?

కాదు. 2019 చూడండి. ఫైటింగ్ గేమ్స్‌కి ఈవో అని పెద్ద టోర్నమెంట్ ఉంది. 1996లో కాలిఫోర్నియాలో బ్యాటిల్ బై ద బే అనే పేరుతో చిన్నగా మొదలైంది, 2002 నుంచి ఈవో అయింది. టెక్కెన్ అంటే అప్పటిదాకా కొరియా, జపాన్ వాళ్ల పేర్లే ఎక్కువ వినిపించేవి. 2019 ఫిబ్రవరిలో ఈవో జపాన్‌లో టెక్కెన్ 7 గెలిచింది ఎవరు? లాహోర్ నుంచి వచ్చిన అర్స్‌లాన్ ఆష్. బయటి ప్రపంచంలో చాలామందికి ఆ పేరే తెలియదు. జపాన్ చేరడానికే వీసా, ఫ్లైట్ల దగ్గర నానా తిప్పలు పడ్డాడు. గెలిచాక ఏమన్నాడంటే, పాకిస్తాన్‌లో గట్టి ప్లేయర్లు ఇంకా ఉన్నారని చెప్పాడు, అవైస్ హనీ లాంటి వాళ్ల గురించి.

జనం నమ్మారా? కొరియా దిగ్గజం నీ మాత్రం నమ్మకాలు పక్కన పెట్టి, స్వయంగా పాకిస్తాన్ వెళ్లి వాళ్లతో ఆడాడు. అదే సంవత్సరం ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఈవో ఫైనల్. అర్స్‌లాన్, నీ ఎదురెదురుగా. అర్స్‌లానే గెలిచాడు. ఒకే సంవత్సరంలో రెండు ఈవోలు. తర్వాత టెక్కెన్ వరల్డ్ టూర్ 2022 సీజన్ ఫైనల్స్ గెలిచింది ఇంకో పాకిస్తానీ, ఆతిఫ్ బట్.

ఒక్కడు వస్తే టాలెంట్ అనొచ్చు. ఒకరి వెనక ఒకరు వస్తుంటే దాని వెనక ఒక గది ఉందని అర్థం. పక్కపక్కన కూర్చుని ఆడి, ఒకడికి దొరికిన విరుగుడు సాయంత్రానికి అందరికీ తెలిసిపోయే గది. అక్కడ పాత ట్రిక్‌తో ఎక్కువ రోజులు బతకలేరు.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇంకో ఉదాహరణ. ఆన్‌లైన్‌లో ఫైటింగ్ గేమ్ ఆడితే బటన్ నొక్కిన కాసేపటికి గానీ దెబ్బ పడేది కాదు. ఈవో మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన టోనీ కానన్ దీనికోసం జీజీపీవో అనే కోడ్ రాశాడు. అవతలివాడి బటన్ సమాచారం వచ్చేదాకా గేమ్ ఆగదు, వాడు ఏం నొక్కుతాడో అంచనా వేసి ముందుకెళ్తుంది. అంచనా తప్పితే కొన్ని ఫ్రేమ్‌లు వెనక్కి వెళ్లి సరిచేసుకుంటుంది. దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. 2019లో ఆ కోడ్‌ని ఎవరైనా ఫ్రీగా వాడుకునేలా ఓపెన్ సోర్స్ చేసేశాడు. ఊళ్లో ఆడేవాళ్లు లేని కుర్రాడికి ఇంకో ఊళ్లో పార్ట్‌నర్ దొరకాలంటే ఇలాంటివే దారి.

మరి టోర్నమెంట్‌లో డబ్బులుంటే?

న్యాయమైన ప్రశ్నే. రేపు ఫైనల్ ఉంటే ఈ రోజు ఎవడూ తన కొత్త ఐడియా బయటపెట్టడు. తప్పేం లేదు. కానీ మ్యాచ్ స్ట్రీమ్ అయ్యాక అది రహస్యం కాదు. జనం స్లో మోషన్‌లో చూస్తారు, ప్రాక్టీస్ మోడ్‌లో రికార్డ్ చేస్తారు. టెక్కెన్ 8లో అయితే మన పాత మ్యాచ్ రీప్లేని మధ్యలో ఆపి, అక్కడి నుంచి మనమే ఆడి చూడొచ్చు. దాచిన ట్రిక్ ఒకటి రెండు సార్లు గెలిపిస్తుంది. అది పోయాక కూడా ఆడగలగాలి కదా.

చెప్పడం కూడా ఒక పనే

చెప్పే పద్ధతిలో నేను నేర్చుకున్నవి నాలుగు.

ఒకటి, అడిగి చెప్పండి. ఓడిపోయి మండిపోతున్నవాడికి వెంటనే క్లాస్ పీకితే వినడు. "చూపించనా?" అనండి చాలు.

రెండు, ఒక్కటే చెప్పండి. పది టిప్స్ చెప్తే పదీ పోతాయి. ఎక్కువగా దేనికి దెబ్బ తింటున్నాడో అదొక్కటే.

మూడు, బటన్‌తో పాటు కారణం చెప్పండి. "లేస్తూ తన్ను" అంటే ఒక ట్రిక్. "వాడు 12 వెనకబడ్డాడు, నీది 11" అంటే వాడు రేపు ఇంకో దెబ్బకి తనే విరుగుడు వెతుక్కుంటాడు.

నాలుగు, అది ఎక్కడ పనిచేయదో కూడా చెప్పండి. ఎప్పుడూ కూర్చునే ఉంటే మధ్యలో పడే దెబ్బలు తగులుతాయి. ఆ సంగతి దాచి సగం చెప్తే, చెప్పనట్టే లెక్క.

చివరిగా

పోయిన సంక్రాంతికి పిన్ని వాళ్లింటికి లాప్‌టాప్, రెండు కంట్రోలర్లు పట్టుకెళ్లా. తమ్ముడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. "నాకు గేమ్స్ రావన్నా" అన్నాడు. ఇన్నేళ్లుగా ఎవరు ఆడమన్నా వాడు ఇదే మాట అంటున్నాడట. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

"నీకు రాక కాదురా, నేను చెప్పలేదు" అని, ఆ కింది బ్లాక్ సంగతి మొత్తం చెప్పా.

కాసేపు నన్నే చూసి, "రోజుకి పది రూపాయలు, ఇరవై రోజులు. రెండొందలు ఇచ్చెయ్ అన్నా" అన్నాడు.

రెండొందలు ఇచ్చా. కూర్చున్నాం. ప్రాక్టీస్ మోడ్‌లో అరగంట. పదకొండో మ్యాచ్‌లో కూర్చుని బ్లాక్ చేశాడు, లేచి తన్నాడు, ఆ రౌండ్ వాడిదే. తర్వాత ఇంకో మ్యాచ్ కూడా కొట్టాడు, నేను నేర్పని దానితో. "అదెలా కొట్టావ్ రా?" అన్నా.

"ప్రాక్టీస్ అన్నా" అన్నాడు నవ్వుతూ. ఐదు నిమిషాల తర్వాత వాడే చూపించాడు.

మీ చేతిలో ఉండి, పక్కోడికి చెప్పని కిటుకు ఏదైనా ఉంటే ఈ వారం ఒక్కరికి చెప్పండి. చెప్పాక వాడు మిమ్మల్ని ఓడిస్తే, ఎలా కొట్టాడో అడగండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.