కోస్తే పోదు, తవ్వితే పోతుంది

ఖాళీ జాగాలో కలుపు బలిసిందంటే చాలామంది ముందు మందుల దుకాణానికే నడుస్తారు. బీదర్‌లో మా ఇంటి వెనక కూరగాయలు పెంచాలనుకున్న ప్లాటు సంగతిలోనూ నాకు మొదట వచ్చిన సలహా అదే: "గడ్డిమందు కొట్టించండి టీచరమ్మా, వారంలో మాడిపోతది." పైన పచ్చదనం మాడుతుంది, నిజమే. మట్టిలో నిద్రపోతున్న విత్తనాలను మాత్రం ఆ గడ్డిమందు, అంటే గ్లైఫోసేట్, ముట్టుకోదు, మళ్లీ వాన పడగానే అవి లేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఆ మందును, మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగిస్తాయని భావించే పదార్థాల వరసలో చేర్చింది. దాని మీద వాదులాట ఇంకా నడుస్తూనే ఉంది. అది తేలేదాకా మా ఇంటి వంకాయల మీద ప్రయోగం చేసే ఓపిక నాకు లేదు.

కలుపంతా ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. ఏ మొక్క ఎలా బతుకుతుందో తెలిస్తే దాన్ని ఎలా తీయాలో తెలుస్తుంది. మా జాగాలో సగానికి పైగా కాంగ్రెస్ గడ్డే. వయ్యారిభామ అని ముద్దుపేరు పెట్టారు గానీ, ముట్టుకుంటే చర్మం దద్దుర్లెక్కుతుంది, పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తుంది. 1950ల మధ్యలో పుణె దగ్గర తొలిసారి గమనించిన ఈ అమెరికా మొక్క ఇప్పుడు దేశంలో లేని చోటు లేదు. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దాని ఆకు తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. వానాకాలంలో అది బాగానే మేస్తుంది, కానీ పూర్తిగా తుడిచిపెట్టలేదు. మనిషి చేయగలిగింది ఒకటే: పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా పీకడం. పూయని మొక్కను ఎరువు గుంతలో వేయవచ్చు. పూసిందాన్ని వేస్తే ఎరువుతో పాటు విత్తనాన్నీ తోటలో చల్లినట్టే.

తుంగ దారి వేరు. జహీరాబాద్ వైపు నుంచి కైకిలికి వచ్చిన పెద్దావిడ ఖుర్పీతో మడి అంచున కూర్చున్నప్పుడు అడిగాను, "ఇది ఎట్ల పోతదక్కా?" అని.

"కోస్తె పోదమ్మా. కోసినకొద్దీ సంబురంగ లేస్తది. గడ్డ తియ్యాలె."

ఆమె మాటలో శాస్త్రం ఉంది. తుంగ గడ్డలు ఎక్కువగా జానెడు లోతులోపే ఉంటాయి, ఒకదానికొకటి సన్నని వేళ్లతో గొలుసుకట్టుగా. గొలుసు తెంపితే విడిపడ్డ ప్రతి గడ్డా మొలుస్తుంది. అందుకే గడ్డపారతో మట్టి పెళ్లగించి, చేత్తో ఏరి, ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. గరిక కాడలదీ అదే వరస. ట్రాక్టరు రోటవేటరు తిప్పిస్తే పని తొందరగా అయినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది గరికను ముక్కలు చేసి నాటినట్టే.

ఆ అక్క పీకినవన్నీ గట్టు మీద పారేయలేదు. కొన్నిటిని కొంగులో వేసుకుంది: పాయలకూర, జొన్నచెంచలి, లేత తుమ్మి. వినాయక చవితికి తుమ్మికూర తినే ప్రాంతం మనది. దాన్ని కలుపని ఎవరనగలరు? బీదర్‌కు ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరంలోని పస్తాపూర్ కేంద్రంగా, 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే. పి.వి. సతీశ్ తదితరులు మొదలుపెట్టిన ఆ సంస్థలో దళిత ఆడవాళ్లు పడావు పడ్డ ఎర్రనేలలను బాగుచేసి, పెంట ఎరువుతో పాత పంటలు పండించారు. వాటి మధ్య తమంతట తాము మొలిచే ఆకులను "సాగు చెయ్యని కూరలు" అని వాళ్లు లెక్కలో పెట్టుకున్నారు. గడ్డిమందు కొడితే ముందు పోయేది పేదింటి కూర అన్నది వాళ్ల వాదన. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక బీదర్ నేల సంగతి. కోట చుట్టూ కందకాలు, నేల కింది కరేజ్ నీటి సొరంగాలు తొలిచింది ఈ లాటరైట్ ఎర్రరాయిలోనే. పైన మట్టి పలుచన, నీళ్లు చటుక్కున కిందికి దిగిపోతాయి. కలుపు తీసి నేలను బోసిగా వదిలేస్తే ఉన్న కాస్త మట్టినీ జూన్ వానలు కడిగేస్తాయి, మిగిలిన చోట మళ్లీ కాంగ్రెస్ గడ్డే వస్తుంది. అందుకని ఏప్రిల్, మే ఎండలను వాడుకోవాలి. తవ్విన మడిని బాగా తడిపి, పలుచటి పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే లోపలి వేడికి పైపొరలోని విత్తనాలు చాలావరకు చస్తాయి. నల్ల షీటు కన్నా ఎండ లోపలికి దిగే పారదర్శక షీటే దీనికి మేలు. తుంగ గడ్డలు మాత్రం దీనికీ లొంగవు, ముందే ఏరాల్సిందే.

షీటు పరవని చోట తొలకరికి తొందరపడి విత్తనం వేయకండి. కలుపును ముందు మొలవనిచ్చి, రెండాకుల మీద ఉండగా దంతెతో పైపైన గీకేసి, అప్పుడు విత్తుకోవాలి. మట్టిని లోతుగా తిరగేస్తే అడుగున ఉన్న కొత్త విత్తనాలు పైకొస్తాయి.

మొదటి పంటగా టమాటా నాకిష్టం లేదు. బొబ్బర, గుమ్మడి, పిల్లిపెసర వంటివి నేలను కమ్మేసి కలుపుకు ఎండ అందనివ్వవు. బొబ్బర, పిల్లిపెసర వేళ్లు నత్రజనిని కూడా పట్టి ఉంచుతాయి. తర్వాతే వంగ, బెండ, పుంటికూర. మొక్కల మొదళ్లలో చెరకు ఆకు మందంగా పరవాలి. చెరకు పండే ఈ జిల్లాలో దానికి కొదవ లేదు. ఎరువు వేస్తే బాగా చివికిన పేడే వేయండి. పచ్చి పేడలో పశువు మేసిన గడ్డి విత్తనాలు చావకుండా ఉంటాయి.

ఇంత చేసినా పక్క ప్లాటు పడావు ఉంటే గాలికి విత్తనం వస్తూనే ఉంటుంది. ఊళ్లో ఖాళీ ప్లాట్లు ఉన్నవాళ్లకు నా మనవి ఒకటే: మీరు కూరగాయలు పెంచకపోయినా సరే, వాన పడిన వారంలో ఒకసారి వచ్చి కాంగ్రెస్ గడ్డిని పూత రాకముందే పీకించి వెళ్లండి.