మంచుమీద నిలబడడం నేర్పే చదువు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరినాట్ల రోజులలో హాలియా చుట్టుపట్ల పొలాల వెంట నడిచిన పెద్దలకు ఒక దృశ్యం బాగా పరిచితం. దమ్ము చేసిన మడిలో ఎడ్లు మోకాలిలోతు దిగబడుతూ నడుస్తుంటాయి. వాటి వెనుక, మడిని చదును చేసే బల్లమీద, రైతు నిలబడి ఉంటాడు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఈ దృశ్యం అరుదైపోయినది. ఎడ్ల కాళ్లు ఏ బురదలో దిగబడుతున్నవో అదే బురదమీద రైతు మాత్రం దిగబడకుండా సాగిపోతాడు. ఆయన బరువంతా బల్ల పొడవునా, వెడల్పునా పరచుకొని ఉండటమే ఇందుకు కారణం. బరువు తగ్గలేదు, పీడనం తగ్గినది.

ఇప్పుడు ఆ బల్లకు కట్టిన ఎడ్లను విప్పివేయండి. బల్లను నిలువునా చీల్చి రెండు సన్నని పలకలు చేసి, ఒక్కొక్క పాదానికి ఒక్కొక్కటి బిగించండి. మడిని కొండవాలుగా వంచి, బురదకు బదులు మంచు పరిచినట్లు ఊహించుకోండి. అదే స్కీ ఆట. నార్వే భాషనుండి వచ్చిన ఆ మాటకు మూలార్థం చీల్చిన కర్ర అనే. రెండు కాళ్లనూ ఒకే వెడల్పాటి పలకకు అడ్డంగా బిగించుకొంటే అది స్నోబోర్డు. స్కీ వేల సంవత్సరాల నాటిది. స్నోబోర్డు మాత్రం 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక తండ్రి తన పిల్లల కోసం రెండు స్కీలను కలిపి బిగించిన ఆటవస్తువునుండి పెరిగినది. 1998లో జపానులోని నాగానోలో అది ఒలింపిక్ క్రీడ అయినది.

చలిదేశాలలో ఈ విద్యను నేర్పడమే వృత్తిగా గల బోధకులు వేలాదిగా ఉన్నారు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, కెనడా, న్యూజిలాండ్ దేశాలలో ఈ బోధకులను తయారుచేసే శిక్షణలు జరుగుతుంటాయి. అనేక దేశాల యువకులు, యువతులు పది పన్నెండు వారాలపాటు అక్కడ ఉండి నేర్చుకొంటారు. మనకు మంచు లేదు. ఎండ మాత్రం కావలసినంత ఉన్నది. అయినా ఆ శిక్షణలోని విషయం మన ఉపాధ్యాయులకు, విద్యార్థులకు దూరమైనదేమీ కాదు. అందులో సగం భౌతికశాస్త్రం, మిగిలిన సగం బోధన.

ముందుగా భౌతికశాస్త్రం. స్కీ మంచుమీద ఎందుకు జారుతుంది? మనిషి బరువుకు పలక కింది మంచు కరిగి, ఆ నీటిపై పలక జారుతుందని చాలా పుస్తకాలలో వ్రాసి ఉంటుంది. పీడనం పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గుతుందన్నది నిజమే. కాని ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూడండి. 70 కిలోల మనిషి నిలబడిన రెండు పలకల వైశాల్యం సుమారు 2,700 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు పడే బరువు 26 గ్రాములు. అంటే వాతావరణ పీడనంలో దాదాపు నలభయ్యో వంతు. ఒక వాతావరణ పీడనం పెరిగితే ద్రవీభవన స్థానం తగ్గేది 0.0074 డిగ్రీ మాత్రమే. కనుక స్కీ కింద తగ్గేది డిగ్రీలో ఐదువేలవ వంతు! సున్నకు పది డిగ్రీలు దిగువన ఉన్న మంచును ఇది కరిగించజాలదు. పలక అంచుమీద పీడనం ఇంతకు చాలా రెట్లు ఉండవచ్చును గాని, అదీ చాలదు. 1939లో బౌడెన్, హ్యూజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ వద్ద ప్రయోగాలు చేసి, జారేటప్పుడు పుట్టే ఘర్షణ వేడియే మంచును పలుచగా కరిగిస్తున్నదని చూపారు. దానికి తోడు మంచుగడ్డ పై పొరలోని అణువులు, గడ్డ లోపలి అణువులవలె గట్టిగా బంధింపబడి ఉండవు. ఈ సంగతిని 1850 ప్రాంతంలోనే ఫారడే ఊహించాడు.

మైనం పూసిన స్కీకి, మంచుకు మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.05. అనగా ఇరవై అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తున్న వాలు, కేవలం మూడు డిగ్రీలు, చాలు. పలక తనంతట తానే కదలిపోతుంది. ఇంత వాలు మన బడి వరండాలో ఉన్నా కంటికి ఆనదు. దీనిని భువనగిరి కొండతో పోల్చి చూడండి. ఆ ఏకశిలమీద రబ్బరు అడుగు గల బూటుకు ఘర్షణ గుణకం 0.8 ఉంటుందనుకొంటే, దాదాపు 38 డిగ్రీల వాలువరకు మనిషి జారకుండా నిలబడగలడు. రాతిమీద ఘర్షణ మన చెలికాడు. మంచుమీద ఆ చెలికాడు చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆ చెలికాడిని అవసరమైనప్పుడు వెనక్కి పిలిపించుకొనడమే స్కీ విద్య అంతా. ఘర్షణ లేని వాలుమీద పది మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు, దిగేసరికి వేగం గంటకు 50 కిలోమీటర్లు అవుతుంది. ఆపడం రానివానికి ఆ వేగం ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

అందుచేత మొదటి రోజున నేర్పేది జారడం కాదు, ఆగడం. పలకల ముందుకొనలు దగ్గరగా, వెనుకకొనలు దూరంగా పెట్టి, లోపలి అంచులను మంచులోకి నొక్కాలి. అప్పుడు పలకలు నాగటి కర్రు ఆకారంలో మంచును దున్నుకొంటూ పోయి వేగాన్ని తగ్గిస్తాయి. దీనికి మంచు నాగలి అనే పేరే ఉన్నది. ఒక కాలిమీద బరువు ఎక్కువగా మోపితే రెండో ప్రక్కకు మలుపు వస్తుంది. నేర్పు పెరిగినకొద్దీ పలకలు సమాంతరమై, మలుపు పలకల ఆకారంవల్లనే వస్తుంది. స్కీ పలక నడుము సన్నగా, రెండు కొనలు వెడల్పుగా ఉంటుంది. దానిని ప్రక్కకు ఒరగబెట్టి నొక్కితే విల్లువలె వంగి, మంచులో వృత్తఖండాన్ని గీస్తుంది.

ఇదంతా చెప్పడం తేలిక. శరీరం మాత్రం ఒప్పుకోదు. కిందికి చూడగానే కొత్తవాడు భయపడి కొండవైపు, అనగా వెనక్కి, వాలుతాడు. గట్టుమీద కాలు జారినప్పుడు మనమూ అదే చేస్తాము. కాని వెనక్కి వాలితే పలకల ముందు భాగంమీద బరువు ఉండదు. బరువు లేని చోట అంచు మంచును పట్టుకోదు. పలకలు చెప్పినట్లు వినక ఇంకా వేగంగా పరుగెత్తుతాయి. క్షేమం కోసం చేసిన పనే ప్రమాదాన్ని పెంచుతుంది. పల్లంవైపు, భయం ఉన్నవైపే, శరీరాన్ని కొంచెం ముందుకు ఇవ్వాలి. చదును బల్లమీద నిలబడే రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. వెనక్కి వాలితే బల్ల ముందుకు పోయి తాను బురదలో కూర్చుంటానని ఆయనకు చిన్ననాడే తెలిసి ఉంటుంది.

ఇక బోధక శిక్షణకు వద్దాము. అక్కడికి వచ్చేవారికి స్కీ కొంత వచ్చే ఉంటుంది. తెల్లవారకముందే లేచి, ముందునాడు తడిసిన చేతితొడుగులు ఆరినవో లేవో చూసుకొని, రాయివలె గట్టిగా ఉండే బూట్లలో కాళ్లు దూర్చడంతో రోజు మొదలవుతుంది. ఈ బూట్లతో మెట్లు దిగడమే ఒక విద్య. ఉదయం తమ సొంత నేర్పును చక్కదిద్దుకొంటారు. మధ్యాహ్నం ఒకరు ఉపాధ్యాయుడు, మిగిలినవారు ఏమీ రానివారుగా నటించి పాఠం నడుపుతారు. మన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో జరిగే నమూనా పాఠాలే ఇవి. కాకపోతే తరగతి గది నలభై అడుగులు జారిపోతూ ఉంటుంది! సాయంకాలం ఆనాటి చలనచిత్రాలు చూసి ఎవరి తప్పు వారు వెదకుకొంటారు. రాత్రి పలకల అంచులు సానపట్టి, మైనం కరిగించి పూస్తారు. వంట తామే చేసుకొనేవారు చాలామంది. నాలుగైదు వారాలు గడిచేసరికి మోకాళ్లు నొప్పిపుట్టి, ఇల్లు గుర్తుకు వచ్చే కాలం ఒకటి ఉంటుంది. దాన్ని దాటినవారే చివరిదాకా నిలబడతారు.

చాలామందికి పెద్ద దెబ్బ తగిలేది మంచుమీద కాదు, తమ గర్వంమీద. హాయిగా జారిపోయే యువకుని నిలబెట్టి, నీవు ఇప్పుడు ఏమి చేశావో చెప్పు అంటే నోరు పెగలదు. చిన్ననాడే వచ్చిన విద్య శరీరంలో ఉంటుంది గాని మాటలలో ఉండదు. దాన్ని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ముందో ఏది తరువాతో తెలుసుకోవాలి. అంతకన్న కష్టమైనది తప్పుకు మూలం కనిపెట్టడం. శిష్యుని పలకల కొనలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నవనుకొందాము. కాళ్లు దూరంగా పెట్టు అని అరిస్తే లాభం లేదు. అతడు తన కాళ్ల వంకే చూస్తున్నాడు. చూపు కిందికి దిగితే తల, తలతోబాటు నడుము వంగుతాయి. దూరంగా ఉన్న చెట్టును చూడుమంటే కాళ్లు తమంతట తామే సర్దుకొంటాయి. అట్లే, వెనక్కి వాలకు అంటే భయపడినవాడు వినడు. బూటు ముందుభాగాన్ని ముంగాలి ఎముకతో నొక్కి ఉంచు అంటే చేయగలడు. లెక్క తప్పు చేసిన విద్యార్థికి తప్పు అని ఎర్రసిరాతో కొట్టడానికి, ఎక్కడ దారి తప్పాడో చూపడానికి ఉన్న తేడాయే ఇది. పరీక్షలో బోధకుని నేర్పుతోబాటు ఈ చూపునూ పరిశీలిస్తారు.

స్నోబోర్డు నేర్చుకొనేవారి కష్టం వేరు. రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టివేసి ఉండటంవల్ల పల్లంవైపు అంచు ఒక్కసారి మంచులో దిగబడితే, పలక ఆగిపోతుంది. శరీరం జడత్వంవల్ల ముందుకు పోతుంది. అప్పుడు చేతులు చాస్తారు, మణికట్లు విరుగుతాయి. స్కీ ఆడేవారికి దెబ్బ ఎక్కువగా మోకాలిలోని బంధనాలకు తగులుతుంది. మెలిక ఒక హద్దు దాటితే బూటునుండి పలక ఊడిపోయే ఏర్పాటు స్కీలో ఉన్నా, మోకాలికి పూర్తి రక్షణ దొరకలేదు. అందుకే ఎట్లా పడాలో కూడా పాఠంగా చెబుతారు.

కొండ ఎత్తు తెచ్చే చిక్కులు కూడా ఉన్నవి. కాశ్మీరులోని గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. 1960ల చివర ప్రారంభమైన స్కీ, పర్వతారోహణ శిక్షణ సంస్థ అక్కడే ఉన్నది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలోని పీడనానికి ముప్పాతికకు కొంచెం తక్కువ. ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు అంత తక్కువే. అతినీలలోహిత కిరణాలు వేయి మీటర్లకు పదో వంతు చొప్పున పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతానికి పైగా తిరిగి పైకి కొడుతుంది. నల్ల కళ్లద్దాలు లేకుండా ఒక పూట తిరిగితే, ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్లుంటుంది. మన మేనెల ఎండలో కూడా కళ్లకు ఈ బాధ రాదు. మన నేల వెలుగును అంతగా తిప్పికొట్టదు.

అన్నిటికంటె భయంకరమైనవి విరిగిపడే మంచు చరియలు. పొరలు పొరలుగా పడిన మంచులో ఒక బలహీనమైన పొర ఉంటే, దానిపైనున్న దిమ్మె అంతా ఒక్క మనిషి బరువుకే జారిపోవచ్చును. 30 నుండి 45 డిగ్రీల వాలులలో ఈ అపాయం ఎక్కువ. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్ పైన శిక్షణలో ఉన్న సైనికులపై చరియ విరిగి పడి పదిమందికి పైగా మరణించారు. మంచు కింద చిక్కినవానిని మొదటి పది నిమిషాలలో తవ్వి తీస్తే బ్రతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట గడిస్తే అది వేగంగా తరిగిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో ఊరినుండి సహాయం రాదు. అందుచేత సంకేతాలు పంపే చిన్న రేడియో పెట్టెలు, పొడవాటి కడ్డీలు, పారలతో వెదకడం శిక్షణలో పదేపదే చేయిస్తారు. బోధకుని చేతిలో ఉన్నది శిష్యుల సరదా మాత్రమే కాదు, ప్రాణాలు కూడా.

ఇటువంటి బోధక శిక్షణ మన దేశ చరిత్రను ఒకసారి మార్చినది. అది స్కీ శిక్షణ కాదు, పర్వతారోహణది. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గేను, ఆయనతో మరి ఆరుగురు షెర్పాలను 1954లో స్విట్జర్లాండుకు పంపారు. రోజెన్‌లావీలో ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ అనే పర్వత మార్గదర్శి వద్ద వారు శిక్షణ పొందారు. ప్రపంచంలోకెల్ల ఎత్తైన శిఖరం ఎక్కివచ్చినవాడు మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం ఎందుకు? ఎక్కడం ఆయనకు వచ్చు. నేర్పడం ఎట్లాగో నేర్చుకోవాలి. అదే ఏడాది నవంబరు 4న డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ ప్రారంభమైనది. క్షేత్రశిక్షణకు టెన్సింగ్ తొలి అధిపతి అయ్యాడు.

ఆ సంస్థలో నేర్చినవారు మరికొందరికి నేర్పుతూ వచ్చారు. ఆ వరుస చివరికి పూర్వపు నల్గొండ జిల్లాలోని భువనగిరి కొండకు చేరినది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులకు అక్కడ శిలారోహణ శిక్షణ ఇచ్చారు. అందులో ఆరితేరినవారిని డార్జిలింగుకు, ఆ తరువాత చలికాలపు లడఖ్‌కు పంపారు. భువనగిరి రాయి వారికి వ్రేళ్ల పట్టు, తాటి వాడకం, ఎత్తు చూసి బెదరకపోవడం నేర్పినది. మంచును మాత్రం నేర్పలేకపోయినది. రాతిమీద నమ్మిన ఘర్షణను మరచి, ఇనుప ముళ్లు తొడిగిన బూటును మంచులో గుచ్చి నిలబడటం వారు హిమాలయాలలోనే నేర్చుకొన్నారు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. అంతవరకు ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే అందరికంటె చిన్నది. ఆ శిఖరంమీద గాలి పీడనం మన ఊళ్లలోని దానిలో మూడో వంతు మాత్రమే.

హాలియాలో మంచు పడదు గాని, ఐసు గడ్డ దొరుకుతుంది. తరగతిలో ఒక నున్నని చెక్కను తీసుకొని, దానిమీద వరుసగా చెప్పు ముక్క, రాయి, మైనం రుద్దిన కర్రముక్క, ఐసు గడ్డ ఉంచండి. చెక్క ఒక కొనను మెల్లగా పైకెత్తుతూ ఏది ఏ ఎత్తు వద్ద కదులుతుందో గుర్తుపెట్టండి. ఎత్తును అడుగుభాగం పొడవుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. ఐసు గడ్డ పెట్టే ముందు చెక్కను పొడిగుడ్డతో తుడవడం, గడ్డ కింద నీరు చేరకముందే కొలత తీసుకోవడం మరువకండి. ఆ తరువాత నీరు చేరనిచ్చి, మరొకసారి కొలవండి. రెండు కొలతలనూ ప్రక్క ప్రక్కన వ్రాసుకొని చూడండి.