తుపాకి గుర్తు – మనిషి నమ్మకం

అమెరికా దేశంలో బోస్టన్ అనే పెద్ద ఊరుంది. సముద్రం ఒడ్డున ఉంటుంది. ఆ ఊళ్ళో డార్చెస్టర్ అనే పేట ఉంది. ఆ పేటలో టీనా షెరీ అనే తల్లి కాపురం ఉండేది. ఆమె కొడుకు పేరు లూయిస్ బ్రౌన్. వయసు 15 ఏళ్ళు. చదువంటే ప్రాణం. పెద్దయ్యాక అమెరికాకి అధ్యక్షుడిని అవుతానని చెప్పేవాడు.

అది 1993 డిసెంబరు 20. లూయిస్ ఇంటి నుంచి బయలుదేరాడు. ముఠా తగాదాలు వద్దని చెప్పే పిల్లల సంఘం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. ఆ సంఘం వాళ్ళ పండగ విందుకి వెళ్తున్నాడు. దారిలో ముఠా కుర్రాళ్ళ మధ్య కాల్పులు జరిగాయి. ఆ గొడవతో లూయిస్‌కి ఏ సంబంధమూ లేదు. అయినా తూటా వచ్చి అతనికే తగిలింది. పిల్లవాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె ఒక్కతే కాదు. 1990లో బోస్టన్‌లో 152 మంది హత్యకు గురయ్యారు. వారిలో 73 మంది 24 ఏళ్ళ లోపు వాళ్ళే. చాలామందిని చంపింది తుపాకే.

మన దేశంలో తుపాకి కావాలంటే లైసెన్సు ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ఆ మాట చెబుతుంది. లైసెన్సు దొరకడం అంత తేలిక కాదు. అమెరికాలో అలా కాదు. తుపాకి ఉంచుకోవడం అక్కడ హక్కు. దుకాణాల్లో అమ్ముతారు. అలా అమ్మిన తుపాకులే చేతులు మారి, దొంగచాటుగా కుర్రాళ్ళ చేతికి చేరతాయి.

తూటా మీద గీతలు

కాల్పులు జరిగాక పోలీసులు ముందు ఏం వెతుకుతారు? తూటా తొడుగులు వెతుకుతారు. తూటాకి వెనక ఇత్తడి తొడుగు ఉంటుంది. పేలగానే తూటా ముందుకు పోతుంది. చాలా తుపాకుల్లో తొడుగు ఊడి కింద పడుతుంది.

జంతికల గొట్టం సంగతి ఆడవాళ్ళకి బాగా తెలుసు. బిళ్ళ కన్నం అంచున చిన్న నొక్కు ఉందనుకోండి. ఆ గొట్టంతో ఒత్తిన ప్రతి జంతిక మీదా ఆ గీత పడుతుంది. పక్కింటి గొట్టంతో ఒత్తితే ఆ గీత రాదు. తుపాకి కూడా అంతే. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. తూటా వాటిని రాసుకుంటూ పోతుంది. దాని మీద గీతలు పడతాయి. తొడుగు వెనక ఇనుప మొన తగులుతుంది. అక్కడ చిన్న గుంట పడుతుంది. ఒక తుపాకి గుర్తు సాధారణంగా ఇంకో తుపాకి గుర్తులా ఉండదు.

ఈ గీతలు కంటికి సరిగా ఆనవు. రెండు తూటాలను పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి చూపే అద్దాల యంత్రం 1920ల నుంచే వాడుకలో ఉంది. కానీ వేల తొడుగులుంటే ఒక్కొక్కటీ చూడడం మనిషి వల్ల అయ్యే పనేనా? అందుకే 1990లలో కంప్యూటర్ వచ్చింది. అది ప్రతి తొడుగునూ ఫోటో తీసి దాచుకుంటుంది. కొత్త తొడుగు వస్తే, పాతవాటిలో దేనిని పోలి ఉందో వెతికి చెబుతుంది. తర్వాత నిపుణుడు స్వయంగా చూసి నిర్ణయిస్తాడు.

బోస్టన్ పోలీసులకు ఈ యంత్రం 1995లో వచ్చింది. అంతకు ముందు కన్నా ఆరు రెట్లు ఎక్కువ జతలు దొరికాయి. మొన్న ఒక వీధిలో పేలిన తుపాకీ, నిన్న ఇంకో వీధిలో పేలిన తుపాకీ ఒకటేనని తెలిసేది.

యంత్రం చెప్పలేని మాట

ఇంత చేసినా యంత్రానికి ఒక సంగతి తెలియదు. తుపాకి ఏదో చెబుతుంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పదు. ఆ మాట చెప్పవలసింది చూసిన మనిషే. చూసిన మనిషి నోరు విప్పాలంటే పోలీసు మీద నమ్మకం ఉండాలి.

బోస్టన్‌లో ఆ నమ్మకం లేకుండా పోయింది. 1989 అక్టోబరులో ఒక తెల్లజాతి భర్త, గర్భిణి అయిన తన భార్యను కారులోనే కాల్చి చంపాడు. తనని తానూ కాల్చుకున్నాడు. ఎవరో నల్లజాతి మనిషి కాల్చాడని అబద్ధం చెప్పాడు. పోలీసులు నమ్మారు. నల్లవాళ్ళు ఉండే పేట మీద పడ్డారు. కుర్రాళ్ళను వీధిలోనే ఆపి సోదా చేశారు. తప్పు చేయని వాళ్ళను అనుమానించారు. 1990 జనవరిలో అసలు నిజం బయటపడింది. అప్పుడా భర్త వంతెన మీద నుంచి దూకి చనిపోయాడు. కానీ పేట జనానికి తగిలిన గాయం మానలేదు. ఆనాడు అన్యాయంగా నింద పడిన ఇద్దరికి నగర మేయర్ క్షమాపణ చెప్పింది. అది 2023 డిసెంబరులో. అంటే 34 ఏళ్ళ తర్వాత.

అలాంటి పోలీసు తలుపు తడితే, కిందటి రాత్రి ఏం చూశావని అడిగితే, ఎవరు చెబుతారు?

కలిసి కూర్చున్నారు

1992లో ఒక చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరుగుతోంది. ముఠా కుర్రాళ్ళు లోపలికి చొరబడి ఒకడిని పొడిచారు. కాల్పులు కూడా జరిగాయి. దానితో నల్లజాతి పాస్టర్లు మేలుకున్నారు. కుర్రాళ్ళు చర్చికి రాకపోతే మేమే వీధికి పోతామన్నారు. రాత్రిళ్ళు వీధుల్లో తిరిగారు. మొదట్లో పోలీసులకీ వాళ్ళకీ పడేది కాదు. మెల్లగా మాటలు కలిశాయి.

ఈలోగా పరిశోధకులు లెక్క తీశారు. ముఠాల్లో ఉన్నది 1,300 మంది దాకా. ఊళ్ళోని యువకుల్లో నూటికి ఒక్కరు కూడా కాదు. కానీ యువకుల హత్యల్లో నూటికి 60 వాళ్ళ తగాదాల వల్లే. అంటే పేట మొత్తాన్ని అనుమానించనక్కర్లేదు. ఆ కొద్దిమందితో మాట్లాడితే చాలు.

1996లో ముఠా కుర్రాళ్ళను పిలిచి కూర్చోబెట్టారు. పోలీసులు, పాస్టర్లు, వీధి కార్యకర్తలు అందరూ వచ్చారు. రెండు మాటలు చెప్పారు. "కాల్పులు ఆపండి. ఒక్కడు కాల్చినా ముఠా అంతటి మీదా చర్య తీసుకుంటాం" అన్నది మొదటి మాట. "మారాలనుకుంటే చదువుకీ, పనికీ సాయం చేస్తాం" అన్నది రెండో మాట.

1991 నుంచి 1995 దాకా ఏడాదికి సుమారు 44 మంది యువకులు హత్యకు గురయ్యేవారు. 1996లో 26 మంది. 1997లో 15 మంది. ఆ రోజుల్లో దేశమంతటా హత్యలు తగ్గాయి. అందుకని అంతా ఈ పని వల్లే అనలేం. అయినా బోస్టన్‌లో ఎక్కువ తగ్గింది. 2000 తర్వాత ఈ సమావేశాలు ఆగిపోయాయి. కాల్పులు మళ్ళీ పెరిగాయి. 2007లో మళ్ళీ మొదలుపెట్టారు. 2024లో ఊరు మొత్తం మీద 24 హత్యలు జరిగాయి. పొయ్యిలో మంట ఆరిందని నీళ్ళ బిందె పారబోసుకోకూడదు కదా.

ఒక్క ఫోను

మన పిల్లలు కూడా ఆ దేశంలో ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపారు. ఇంకో తెలుగు యువకుడు గాయపడ్డాడు. ఆపబోయిన అమెరికా మనిషికీ తూటా తగిలింది. చంపినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయాడు. అక్కడ ఒక హోటల్లో తన నోటితోనే చెప్పుకున్నాడు. ఆ మాట విని, అక్కడ పనిచేసే మనిషి పోలీసులకు ఫోను చేశారు. హంతకుడు ఆ రాత్రే దొరికాడు. 2018లో యావజ్జీవ శిక్ష పడింది. అతన్ని పట్టించింది ఒక మామూలు మనిషి చేసిన ఫోను.

తల్లి నడక

టీనా షెరీ ఇంట్లో కూర్చుని ఏడుస్తూ ఉండిపోలేదు. 1994లో కొడుకు పేరున ఒక శాంతి సంస్థ పెట్టింది. హత్య జరిగిన ఇంటికి ఆ సంస్థ మనుషులు వెళ్తారు. అంత్యక్రియల ఏర్పాటు దగ్గర నుంచి తోడు ఉంటారు. చంపి జైలుకి పోయిన వాళ్ళ కుటుంబాలకూ సాయం చేస్తారు. అక్కడా ఒక తల్లి ఉంటుంది కదా! 1996 నుంచి ఏటా మే నెలలో, తల్లుల పండగ రోజున, శాంతి కోసం నడుస్తున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు బిడ్డ ఫోటో పట్టుకుని ముందు నడుస్తారు.

తూటా మీద గీత చదవడానికి యంత్రం కావాలి. మనిషి మనసులో మాట బయటకు రావడానికి నమ్మకం కావాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే పని సగమే అవుతుంది.

చదివి మాట్లాడుకోండి

1. తూటా తొడుగు వల్ల ఏం తెలుస్తుంది? ఏం తెలియదు?
2. బోస్టన్‌లో జనానికి పోలీసుల మీద నమ్మకం ఎందుకు పోయింది?
3. మీ ఊళ్ళో ఒక నేరం కళ్ళారా చూసిన ఆడమనిషి పోలీసు స్టేషనుకి ధైర్యంగా వెళ్ళాలంటే ఏమేమి ఉండాలి?