నెలకు కిలోన్నర కందిపప్పు

ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, కొన్ని విటమిన్ మాత్రలు. జార్ఖండ్‌లో టీబీ రోగులున్న ఇళ్ళలో పెద్దవారు ఒక్కొక్కరికి నెలకింత చొప్పున కనీసం ఆరు నెలల పాటు పంచారు. ఆ ఇళ్ళలో ఇంకెవరికైనా టీబీ వస్తుందేమోనని 2019 నుంచి 2022 దాకా కనిపెట్టుకుని ఉన్నారు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవల ఆధ్వర్యంలో జరిగిన ఈ అధ్యయనం పేరు ‘రేషన్స్’. ఇందులో రోగులు 2,800 మంది, వారి కుటుంబసభ్యులు 10,345 మంది. రోగులందరికీ సరుకులు అందాయి. ఇంట్లోవారికి మాత్రం కొన్ని ప్రాంతాల్లో ఇచ్చి, కొన్నిచోట్ల ఇవ్వకుండా పోల్చి చూశారు.

ఫలితాలు 2023లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. బియ్యం, పప్పు అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ బారిన పడినవారు 39 శాతం తక్కువ. పరీక్షల్లో క్రిమి బయటపడి నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల టీబీ ఒక్కటే లెక్కేస్తే 48 శాతం తక్కువ. టీకాకు ఇలాంటి ఫలితం వస్తే పత్రికలు పతాక శీర్షికలు పెట్టేవి. కోవిడ్ నాటి నుంచి మందుల షాపు కౌంటర్ల మీద ‘ఇమ్యూనిటీ’ పేరుతో పేర్చిన డబ్బాలూ సీసాలూ ఎన్నో చూశాం. వాటిలో ఒక్కదాని వెనకైనా ఈ స్థాయి రుజువు నాకు కనబడలేదు.

పప్పన్నానికి ఇంత బలం ఎక్కడిది? టీబీ క్రిమి ఒంట్లో చేరడం వేరు, టీబీ జబ్బు రావడం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మందే. తక్కినవారిలో తెల్ల రక్తకణాలు క్రిమిని చుట్టుముట్టి, కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఈ కాపలా ఏళ్ళ తరబడి సాగాలి, దానికి రోజూ ఖర్చవుతుంది. కడుపు నిండని ఒంట్లో ముందుగా కోత పడే ఖర్చుల్లో ఇదొకటి.

ఆ కోత ఎలా పడుతుందో కొంతవరకు తెలుసు. మన కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంటాయి. ఒంట్లో నిల్వలు ఎంతున్నాయో మెదడుకు తెలిసేది ముఖ్యంగా దాని ద్వారానే. క్రిమిని గుర్తుపట్టి మిగతా కణాలను పురమాయించే టి కణాలు కూడా లెప్టిన్ ఎంతుందో చూసుకునే పనిలోకి దిగుతాయి. 1998లో లండన్ పరిశోధకులు ఎలుకలను పస్తు పెట్టారు. వాటి రోగనిరోధక స్పందన పడిపోయింది. లెప్టిన్ ఎక్కిస్తే, తిండి పెట్టకపోయినా మళ్ళీ పుంజుకుంది. ఇక టి కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథి సంగతి మరీ దారుణం. రొమ్ము ఎముక వెనక ఉండే ఈ గ్రంథి, తిండి లేక చనిపోయిన పిల్లల్లో కుంచించుకుపోయి ఉండటాన్ని వైద్యులు 19వ శతాబ్దంలోనే గమనించారు.

ఇప్పుడు ఆ సరుకుల లెక్క చూద్దాం. నెలకు కిలోన్నర పప్పంటే రోజుకు 50 గ్రాములు. అందులో ప్రొటీన్ 11 గ్రాముల దాకా ఉంటుంది. ఐదు కిలోల బియ్యం అంటే రోజుకు 165 గ్రాముల పైచిలుకు, అందులో మరో 12 గ్రాములు. వెరసి రోజుకు 23 గ్రాముల ప్రొటీన్, 750 కేలరీలు. ఇది వాళ్ళు మామూలుగా తినేదానికి అదనం. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో కొరతగా ఉండే మెథియోనిన్‌ను బియ్యం పూడుస్తుంది. యాంటీబాడీలు ప్రొటీన్లే, కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలూ చాలావరకు ప్రొటీన్లే. వాటన్నిటికీ ముడిసరుకు ఇదే.

ఇక్కడ మన ఇళ్ళలో పథ్యం గురించి ఒక మాట అనక తప్పదు. ఆపరేషన్ అయిందా, పప్పు బంద్. పుండు చీము పడుతుందట. జ్వరం తగ్గాక కూడా వారం రోజుల పాటు చారన్నం, బ్రెడ్డు, బీరకాయ కూర. లంఖణం పరమౌషధం అన్న మాట ఉండనే ఉంది. వాంతులు, విరేచనాలతో కడుపు ఏదీ పట్టని ఒకటి రెండు పూటలకు ఆ మాట సరిపోవచ్చు. కానీ ఒంటి వేడి ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఇంధనం ఖర్చు పది శాతం పైనే పెరుగుతుంది. ఖర్చు పెరిగినప్పుడు రాబడి ఆపేస్తే, శరీరం తన కండనే కరిగించుకుని సర్దుకుంటుంది. కోతపెట్టిన గాయం మానడానికి కావలసింది ప్రొటీన్. చీము పట్టించేది గాయంలో చేరిన బ్యాక్టీరియా. పప్పుకు ఆ పాపంలో భాగం లేదు.

పప్పు తర్వాత ఆకుకూర. దీని సంగతి చెప్పడానికి మన భీమవరం మనిషి ఒకరున్నారు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆకుకూరల్లో ఉండే ఫోలేట్ అనే విటమిన్‌కు మరో రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలనూ తయారుచేసింది. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో ఉన్న పిల్లలకు ఇచ్చారు. విచ్చలవిడిగా పెరుగుతున్న తెల్ల కణాలు కొందరిలో తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గాయి. క్యాన్సర్ మందుల చరిత్రలో అదో మలుపు. ఫోలేట్ లేనిదే తెల్ల కణం రెండుగా విడిపోలేదు. డీఎన్ఏకు నకలు తీయాలంటే ఆ విటమిన్ ఉండాల్సిందే.

చెడ్డ కణాలకు వర్తించిన ఈ సూత్రం మంచి కణాలకూ వర్తిస్తుంది. ఒక కొత్త వైరస్ ఒంట్లో చొరబడితే దాన్ని గుర్తుపట్టగల టి కణాలు మొదట పిడికెడే ఉంటాయి. కొద్ది రోజుల్లో అవి విడిపోయి విడిపోయి వేలల్లోకి, లక్షల్లోకి పెరగాలి. ఒక్కో విభజనకూ ఫోలేట్ కావాలి. తోటకూర, పాలకూర, శనగలు, పెసలు అన్నిట్లో అది దండిగా ఉంటుంది. ఒక చిక్కుంది. ఇది నీళ్ళలో కరిగిపోయే విటమిన్, వేడికీ తగ్గుతుంది. ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోసే అలవాటున్న ఇంట్లో ఫోలేట్‌లో చెప్పుకోదగ్గ భాగం సింకు పాలవుతుంది. పప్పులో వేసి వండే మన పద్ధతిలో నీళ్ళు పప్పులోనే ఉండిపోతాయి కాబట్టి నష్టం తక్కువ.

ఉన్న కొరత తీరితే లాభం. తీరాక ఇంకా పోస్తే? దీనికి జవాబు విటమిన్-సి కథలో ఉంది. రెండుసార్లు నోబెల్ అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో పుస్తకం రాసి మరీ, పెద్ద మోతాదులో విటమిన్-సి జలుబును ఆపుతుందన్నారు. అంతటి శాస్త్రవేత్త మాట కాబట్టి జనం నమ్మారు, మాత్రలు అమ్ముడుపోయాయి. తర్వాత దశాబ్దాల పాటు జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే, రోజూ మాత్రలు మింగిన మామూలు జనానికి జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దవారిలో 8 శాతం త్వరగా పోయింది. వారం రోజుల జలుబులో అది దాదాపు అర రోజు తేడా. నిజంగా లాభపడింది మారథాన్ పరుగు తీసేవారు, మంచు కొండల్లో స్కీయింగ్ చేసేవారు, గడ్డకట్టే చలిలో శిక్షణ పొందే సైనికులు. వారిలో జలుబులు సగానికి తగ్గాయి. మనలో ఎక్కువమంది ఆ కోవలోకి రాము. ఒక్క జామకాయ తింటే రోజుకు కావలసిన విటమిన్-సి దాటిపోతుంది, ఎక్కువైనది మూత్రంలో పోతుంది.

ఎక్కువైనా నష్టం లేదనుకునే ధీమా అన్నిటికీ పనికిరాదు. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఊరూరా తాగారు. 2021లో ముంబై వైద్యులు అలా వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న వైనాన్ని ప్రచురించారు. రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసినప్పుడు కనబడే లక్షణాలు వారిలో ఉన్నాయి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నివేదికను ఖండించింది. తర్వాత దేశంలోని మరికొన్ని ఆస్పత్రుల నుంచీ ఇలాంటి కేసులు వెలుగులోకి వచ్చాయి. థైరాయిడ్ గ్రంథి మీద, కీళ్ళ మీద సొంత కణాలే తిరగబడిన జబ్బులున్నవారు మన చుట్టూ తక్కువేమీ లేరు. వారికి ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయం సలహా ఇచ్చే ముందు కాస్త ఆలోచించాలి.

తిండి ముడిసరుకు ఇస్తుంది. ఆ సరుకుతో తయారైన కణాలను ఒళ్ళంతా తిప్పేది కదలిక. ఎముక మజ్జలో, ప్లీహంలో, రక్తనాళాల గోడల వెంట బోలెడన్ని తెల్ల కణాలు నిలిచి ఉంటాయి. మూడంతస్తులు గబగబా మెట్లెక్కితే గుండె వేగం, రక్తం ఒరవడి పెరుగుతాయి, అడ్రినలిన్ విడుదలవుతుంది. నిలిచి ఉన్న కణాలు కదిలి ప్రవాహంలో పడతాయి. వీటిలో ముందుండేవి ఎన్‌కే కణాలు. వైరస్ సోకిన కణాలనూ, క్యాన్సర్‌గా మారుతున్న కణాలనూ పసిగట్టి చంపేవి ఇవే. అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలు వీటి మీద ఎక్కువ. అందుకే వ్యాయామం మొదలైన నిమిషాల్లోనే రక్తంలో వీటి సంఖ్య కొన్ని రెట్లు పెరుగుతుంది.

చాలాకాలం పాటు శాస్త్రవేత్తలను తికమక పెట్టింది ఆ తర్వాత జరిగేది. కఠిన వ్యాయామం ఆపిన గంట రెండు గంటల్లో రక్తంలో ఈ కణాలు మామూలు కన్నా తగ్గిపోతాయి. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాత పరిశోధకుడు డేవిడ్ నీమన్ రన్నర్లను అడిగి చూస్తే, పరుగు పూర్తిచేసినవారిలో 12.9 శాతం మంది వారంలోపు జలుబు, గొంతునొప్పి లాంటివి వచ్చాయన్నారు. సాధన చేసి కూడా పరుగులో పాల్గొననివారిలో అది 2.2 శాతమే. రెండూ కలిపి, గట్టి వ్యాయామం క్రిములకు కాసేపు తలుపులు తెరిచిపెడుతుందని సిద్ధాంతం కట్టారు. జిమ్ముల్లో ఇప్పటికీ ఈ మాట వినబడుతుంది.

అసలు ఆ కణాలు పోయేది ఎక్కడికి? సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి ఊళ్ళకు వెళ్ళే దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, పండగ నాటికి హైవే ఖాళీ. రోడ్డు మీద లెక్కపెట్టే మనిషికి జనం మాయమైనట్టే ఉంటుంది, వాళ్ళంతా ఊళ్ళకు చేరుకున్నారు. రక్తం నమూనాలో లెక్కపెట్టినవారికీ ఇదే జరిగింది. ఎలుకల్లో టి కణాలకు గుర్తులు పెట్టి వెంబడిస్తే అవి ఊపిరితిత్తులకు, పేగుల గోడలకు, ఎముక మజ్జకు చేరినట్టు తేలింది. క్రిములు తారసపడే అవకాశం ఎక్కువున్నవి కూడా ఊపిరితిత్తులూ పేగులే. మారథాన్ జలుబుల మాటేమిటంటే, వేలమంది గుంపు, ప్రయాణం, సరిగా లేని నిద్ర, పొడిగాలికి రాచుకుపోయిన గొంతు, అన్నీ కారణాలే. గొంతునొప్పి అని వచ్చిన క్రీడాకారుల్లో చాలామందికి పరీక్ష చేస్తే ఏ క్రిమీ దొరకలేదు. నీమన్ బృందమే 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో 1,002 మందిని 12 వారాలు గమనిస్తే, వారంలో ఐదు రోజులు, ఆపైన వ్యాయామం చేసేవారు జలుబుతో గడిపిన రోజులు, పెద్దగా కదలనివారితో పోలిస్తే 43 శాతం తక్కువ. ఇది మనుషులు చెప్పిన లెక్క, కారణం వ్యాయామమొక్కటే అని తేల్చేయలేం. అయినా దిశ స్పష్టంగానే ఉంది. జ్వరంతో ఉన్నప్పుడు మాత్రం షూ విప్పేసి పడుకోవాల్సిందే.

వయసు మీదపడ్డవారి సంగతి ఇంకా ఆసక్తికరం. థైమస్ యుక్తవయసు నుంచే కరుగుతూ వస్తుంది, కొత్త టి కణాలు తగ్గిపోతాయి. పెద్దవారికి టీకాలు అంతగా పట్టకపోవడానికి ఇదో కారణం. బ్రిటన్ పరిశోధకులు 55 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసున్న 125 మందిని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. అందరూ దశాబ్దాలుగా దూరాలు సైకిల్ తొక్కుతున్నవారు. థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టి కణాలు వారి రక్తంలో కుర్రవాళ్ళకున్నంత ఉన్నాయి. థైమస్‌ను కాపాడే ఐఎల్-7 అనే సంకేత ప్రొటీన్ కూడా, కదలని అదే వయసువారి కన్నా ఎక్కువగా ఉంది. ఆరోగ్యవంతులే అన్నేళ్ళు సైకిల్ తొక్కగలిగారేమో అన్న అనుమానం న్యాయమైనదే.

కండలకు ఇంకో పని ఉంది. తెల్ల కణాలు ఇంధనంగా వాడుకునే వాటిలో గ్లుటమిన్ ఒకటి, దాని పెద్ద గిడ్డంగి కండరాలే. న్యుమోనియాతో పది రోజులు మంచాన పడిన మనిషి ఆ గిడ్డంగి మీదే నెట్టుకొస్తాడు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో పాటు రెండు రోజులు కండలకు పని చెప్పమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన పార్కుల్లో పొద్దున్నే నడిచే పెద్దవారు బాగానే కనబడతారు. రెండో సగాన్ని పట్టించుకునేవారు బహు తక్కువ. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు చేతుల్లో లీటరు నీళ్ళ సీసాలు పట్టుకుని ఎత్తి దించడం చాలు మొదలుపెట్టడానికి. రాత్రి పూట రెండు ఇడ్లీలో, ఒక చపాతీయో తిని పడుకునే అలవాటూ ఈ వయసులోనే మొదలవుతుంది. తేలిగ్గా తినడంలో తప్పు లేదు. ఆ ఇడ్లీ పక్కన ఉడికించిన గుడ్డో, గిన్నెడు శనగ గుగ్గిళ్ళో, గడ్డ పెరుగో ఉండాలి. కిడ్నీ జబ్బున్నవారు ఎంత తినాలో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.