తప్పు పాస్‌వర్డ్ ఎక్కడ పట్టుబడుతుంది?

‘ఫోర్-వే హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్, ప్రీ-షేర్డ్ కీ మే బీ ఇన్‌కరెక్ట్’. లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై తగులుకోనప్పుడు లాగ్ తెరిస్తే తరచూ ఎదురయ్యే వాక్యమిది. పాస్‌వర్డ్ తప్పయి ఉండొచ్చు అంటుందే తప్ప, తప్పని తేల్చి చెప్పదు. కంప్యూటర్‌కు కూడా ఈ నసుగుడేమిటని ఒళ్లు మండుతుంది. కానీ ఆ ప్రోగ్రామ్ తనకు తెలిసింది తెలిసినట్టే చెబుతోంది. పాస్‌వర్డ్ తప్పని రౌటర్ దానికి చెప్పలేదు, చెప్పే ఏర్పాటూ లేదు.

ఈ వాక్యాన్ని రాసేది డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే చిన్న ప్రోగ్రామ్. ఫిన్లాండ్‌కు చెందిన యౌని మాలినెన్ 2003లో మొదలుపెట్టాడు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏది వేసుకున్నా వైఫై మంతనాలు సాధారణంగా తెర వెనక నడిపేది ఇదే. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంటుంది కాబట్టి లినక్స్ పేరు వినని వాళ్ల జేబుల్లో కూడా ఇది పనిచేస్తోంది. ఈ మంతనాల పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే వైఫై రిపేరు సగం వచ్చినట్టే. ఎందుకంటే వైఫై భద్రత ఒక్కో తరంలో తప్పు పాస్‌వర్డ్ ఒక్కో చోట బయటపడుతుంది. మొదటి తరంలోనైతే అది పాస్‌వర్డ్ తప్పులాగే కనిపించదు.

ఆ మొదటి తరం పేరు వెప్. 1997లో వచ్చిన 802.11 ప్రమాణంలోనే ఉంది. తీగలో వెళ్లే సమాచారానికి ఎంత గోప్యత ఉంటుందో గాలిలో వెళ్లేదానికీ అంత ఇవ్వాలన్నది దాని ఆశయం. అందుకు ఎంచుకున్నది ఆర్‌సీ4. రాన్ రివెస్ట్ 1987లో రూపొందించిన ఈ పద్ధతిని ఆర్‌ఎస్‌ఏ సంస్థ వ్యాపార రహస్యంగా దాచుకుంటే, 1994లో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఆర్‌సీ4కి కీ ఇస్తే దాన్నుంచి గజిబిజి బిట్ల వరుస ఒకటి పుట్టిస్తుంది. ఆ వరుసను ఎక్స్‌క్లూజివ్-ఆర్ అనే లెక్కతో అసలు సమాచారానికి బిట్టుకు బిట్టు కలిపితే రహస్య సందేశం తయారు. అవతలివాళ్లు అదే కీతో అదే వరుస పుట్టించి మళ్లీ కలిపితే అసలు సమాచారం తేలుతుంది. ఇందులో మీరకూడని నియమం ఒకటుంది: ఒకసారి వాడిన వరుసను మళ్లీ వాడకూడదు. వాడితే ఆ రెండు రహస్య సందేశాలనూ దొంగ ఒకదానితో ఒకటి కలిపేస్తాడు. వరుస రద్దయిపోయి, రెండు అసలు సందేశాల కలగలుపు చేతికొస్తుంది. అనుభవం ఉన్నవాడికి దాన్ని విడదీయడం పెద్ద పని కాదు.

రౌటర్‌లో పెట్టిన కీ ఎప్పుడూ మారదు కదా, మరి ప్రతి ప్యాకెట్‌కూ కొత్త వరుస ఎక్కణ్నుంచి వస్తుంది? కీకి ముందు ప్యాకెట్‌కొకటి చొప్పున మారే 24 బిట్ల సంఖ్యను తగిలించారు. 24 బిట్లంటే 1,67,77,216 సంఖ్యలు. వినడానికి చాలానే అనిపిస్తుంది. 1500 బైట్ల ప్యాకెట్లతో 11 మెగాబిట్ల వేగాన తీరిక లేకుండా నడిచే రౌటర్ వీటన్నిటినీ దాదాపు 5 గంటల్లో అవగొడుతుంది. వరుసక్రమం లేకుండా ఏదో ఒక సంఖ్య ఎంచుకుంటూ పోతే మరీ ఘోరం: 4,800 ప్యాకెట్లు దాటేసరికే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి సగం. ఇక అసలు కీ, అమెరికా ఎగుమతి ఆంక్షల పుణ్యమా అని, మొదట్లో 40 బిట్లే. తర్వాత 104కు పెంచారు. ఆ 24 మాత్రం 24గానే ఉండిపోయింది.

2001లో నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే పరిశోధకులు ఈ లొసుగులను బయటపెట్టారు. అదే ఏడాది స్కాట్ ఫ్లూరర్, ఇత్సిక్ మాంటిన్, ఆది షమీర్ ఇంకో అడుగు ముందుకేసి, కొన్ని రకాల 24 బిట్ల సంఖ్యలు ఏకంగా కీ ఆనవాళ్లనే కక్కేస్తాయని చూపించారు. 2007కల్లా జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల కీని నిమిషం లోపు రాబట్టారు.

పగలగొట్టడం అంత తేలికైన వెప్‌ను లినక్స్‌లో సరిగ్గా అమర్చుకోవడం మాత్రం తేలిక కాదు. ఐడబ్ల్యూకాన్ఫిగ్ అనే ఆదేశానికి కీ ఇవ్వాలి. అక్షరాలైతే కచ్చితంగా 5 లేదా 13, హెక్స్ అంకెలైతే 10 లేదా 26. అక్షరాల్లో ఇస్తే ముందు ‘ఎస్’, కోలన్ పెట్టాలి. పాస్‌వర్డ్ నుంచి కీ ఎలా తయారుచేయాలో ప్రమాణం చెప్పలేదు. అందుకని రౌటర్‌లో టైపు చేసిన మాటనే ల్యాప్‌టాప్‌లో టైపు చేసినా రెండు చోట్లా రెండు వేర్వేరు కీలు పుట్టొచ్చు. అప్పుడు జరిగేది చూడండి. కనెక్షన్ కుదిరిందనే చెబుతుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఐపీ అడ్రస్ మాత్రం రాదు. లాగ్‌లో ఆ అడ్రస్ అడిగే డీహెచ్‌సీపీ టైమౌట్ అని పడుతుంది. రౌటర్ కీ చూడకుండానే రానిచ్చింది, తీరా వచ్చాక మనం పంపే ప్యాకెట్లు దానికి అర్థంకాక పారేస్తోంది. జబ్బు కీలో ఉంటే జనం ఐపీ సెట్టింగులన్నీ గెలుకుతూ కూర్చునేవారు. ముందుగా కీని పరీక్షించే ‘షేర్డ్ కీ’ పద్ధతి కూడా ఉండేది. అది ఇంకా ప్రమాదం. రౌటర్ విసిరే సవాలు పాఠం, దానికి మనమిచ్చే రహస్య రూపం రెండూ గాలిలోనే దొరుకుతాయి, ఆ రెండూ కలిపితే బిట్ల వరుస దొంగ చేతిలో పడుతుంది.

కీ మాట తర్వాత, అసలు వైఫై కార్డు పలికితే కదా! ఆనాటి లినక్స్ వాళ్ల కష్టాల్లో పెద్దది ఇదే. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ చిప్ ఉండేది, దానికి లినక్స్ డ్రైవర్ ఉండేది కాదు. చిప్ వివరాలు కంపెనీ ఇవ్వలేదు. విచిత్రమేమిటంటే అదే కంపెనీ చిప్పులతో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లోపల నడిచింది లినక్సే. కొందరు ఔత్సాహికులు కంపెనీ డ్రైవర్ ఎలా పనిచేస్తుందో విప్పి చూసుకుని సొంత డ్రైవర్ రాశారు. అది 2006లో 2.6.17 కర్నెల్‌లో చేరింది. ఇంకో దారి ఎన్‌డిస్‌ర్యాపర్: లినక్స్ కర్నెల్ విండోస్ కర్నెల్‌లా నటించి, విండోస్ డ్రైవర్‌నే తీసుకొచ్చి తన కడుపులో నడిపిస్తుంది. దాని కాపీరైట్ పంక్తిలో కనిపించే పేర్లు పొంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని. పెమ్మసాని తెలుగింటి పేరని మనకు వేరే చెప్పక్కర్లేదు. చివరికి 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తానే ఓపెన్‌సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది.

వెప్ పరువు పోయాక కొత్త భద్రత కావాలి, కానీ లక్షల కొద్దీ కార్డులు అప్పటికే అమ్ముడుపోయాయి. వాటిని పారేయమనలేరు. అందుకని 2003లో డబ్ల్యూపీఏ పేరుతో పాత చిప్ మీదే నడిచే మధ్యేమార్గం తెచ్చారు. లోపల ఆర్‌సీ4 అలాగే ఉంచి, ప్యాకెట్ ప్యాకెట్‌కూ కీ మార్చే టీకిప్‌ను, సందేశాన్ని ఎవరూ మార్చలేదని తేల్చే మైకేల్ అనే లెక్కను చేర్చారు. నీల్స్ ఫెర్గూసన్ రూపొందించిన ఈ మైకేల్ పాత చిప్పులు మోయగలిగేంత తేలికైనది, కనుక బలహీనమైనదే. ఆ బలహీనతకు విరుగుడుగా ఒక కఠిన నిబంధన పెట్టారు: నిమిషంలో రెండుసార్లు మైకేల్ లెక్క తప్పితే ఎవరో దాడి చేస్తున్నారని భావించి రౌటర్ 60 సెకన్లు కొట్టు కట్టేస్తుంది. లెక్క సరిగా రాని డ్రైవర్ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉన్నా చాలు, ఇంటిల్లిపాదికీ నిమిషం పాటు నెట్ బంద్. 2004 జూన్‌లో 802.11ఐ ప్రమాణం ఖరారై, ఆర్‌సీ4కు బదులు ఏఈఎస్ అనే పద్ధతి మీద నడిచే డబ్ల్యూపీఏ2 వచ్చాక ఈ అతుకుల బొంతతో అవసరం తీరింది.

డబ్ల్యూపీఏతో కార్డుకు కీ ఇచ్చి ఊరుకుంటే సరిపోని రోజులు వచ్చాయి. రౌటర్‌తో ఎవరో కూర్చుని మాట్లాడాలి. మాలినెన్ ప్రోగ్రామ్ అవసరం అక్కడే పడింది. అది మొదట మనం టైపు చేసిన మాటకు నెట్‌వర్క్ పేరు కలిపి 4096 సార్లు రుబ్బి 256 బిట్ల కీ తయారుచేస్తుంది. రౌటర్ కూడా తనవైపు ఇదే పని చేసి ఉంచుకుంటుంది. తర్వాత రౌటర్ ఓ యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. ల్యాప్‌టాప్ తన సంఖ్య ఒకటి ఎంచుకుని, ఆ రెంటినీ, ఇద్దరి హార్డ్‌వేర్ చిరునామాలనూ, 256 బిట్ల కీనీ కలిపి తాజా కీలు పుట్టిస్తుంది. తన సంఖ్యను వెనక్కి పంపుతూ దానికి ఆ తాజా కీతో ముద్ర వేస్తుంది. ఒకే లెక్కను ఇద్దరు పిల్లలు ఎవరి పలక మీద వాళ్లు చేసి చివరి అంకె మాత్రం సరిచూసుకున్నట్టన్నమాట. పాస్‌వర్డ్ గాలిలోకి రానే రాదు. ముద్ర కుదరకపోతే ప్రమాణం ప్రకారం రౌటర్ ఏమీ అనదు. ఆ ప్యాకెట్‌ను పారేసి మొదటి సందేశాన్నే మళ్లీ పంపుతుంది, కొన్ని ప్రయత్నాలయ్యాక వెళ్లగొడుతుంది. సిగ్నల్ అందక రెండో సందేశం దారిలో పోయినా ల్యాప్‌టాప్‌కు కనిపించేది అచ్చం ఇదే. ‘మే బీ’ అనడంలోని నిజాయితీ అది.

నెట్‌వర్క్ పేరు కూడా కీలో కలిసిపోవడం వల్ల ఓ చిక్కుంది. పేరు మారిస్తే పాస్‌వర్డ్ అదే ఉన్నా కీ మారిపోతుంది. రుబ్బిన 64 హెక్స్ అంకెలను ఫైల్‌లో దాచుకున్న వాళ్లకు ఆ ఫైలు ఇక పనికిరాదు. పేరుకు పరిమితి 32 బైట్లు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నాకు తలా 3 బైట్లు. ఆ లెక్కన విశాఖపట్నం 30 బైట్లతో ఇమిడిపోతుంది, రాజమహేంద్రవరం 39 అయి బయటపడిపోతుంది. పాస్‌వర్డ్‌లో తెలుగుకు చోటే లేదు. 8 నుంచి 63 వరకు ఆస్కీ అక్షరాలే ఉండాలి.

లాగ్ చదవడం ఇక కష్టం కాదు. మెట్లు ఇలా వస్తాయి: స్కానింగ్, అథెంటికేటింగ్, అసోసియేటింగ్, ఫోర్-వే హ్యాండ్‌షేక్, గ్రూప్ హ్యాండ్‌షేక్, కంప్లీటెడ్, ఆపైన డీహెచ్‌సీపీ. స్కానింగ్ దగ్గరే ఆగితే తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టి చూస్తే హార్డ్ బ్లాక్డ్ అని ఉండొచ్చు, అంటే ల్యాప్‌టాప్ అంచున ఉన్న వైఫై స్విచ్ ఎవరో నొక్కారు. లేదా కర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న ఎర్ర పంక్తి ఉంటుంది. మోసగించేది రెండో మెట్టు. ‘అథెంటికేటెడ్’ అని చూసి పాస్‌వర్డ్ నెగ్గిందనుకుంటాం. అది వెప్ కాలం నాటి లాంఛనం, డబ్ల్యూపీఏ2లో అక్కడ ఎవరినీ ఏమీ అడగరు. దాని వెనకే ‘డీఅథెంటికేటెడ్, రీజన్ 15’ అని వస్తే హ్యాండ్‌షేక్ గడువు దాటిందని. పెద్ద చిన్న అక్షరాలు సరిచూసుకోవాల్సింది అప్పుడే. అన్నీ దాటి డీహెచ్‌సీపీ దగ్గర ఆగితే, వెప్ రోజుల్లోలా కీని అనుమానించక్కర్లేదు. కీ అప్పటికే నెగ్గింది.

మధ్యలో నెట్‌వర్క్‌మేనేజర్ పెట్టే గందరగోళం వేరు. రెడ్‌హ్యాట్ 2004లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌ను కీరింగ్‌లో దాస్తే, ఆ కీరింగ్ తెరవడానికి ఇంకో పాస్‌వర్డ్ అడుగుతుంది. జనం అక్కడ వైఫై పాస్‌వర్డ్ కొట్టి, రౌటర్‌ను తిడతారు.

ఇంత పకడ్బందీ హ్యాండ్‌షేక్‌లోనూ పదమూడేళ్లు ఎవరి కంటా పడని బొక్క ఒకటుండేది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాతీ వాన్‌హూఫ్, ఫ్రాంక్ పీసెన్స్ దాన్ని 2017 అక్టోబరులో క్రాక్ పేరుతో వెల్లడించారు. గాలిలో ప్యాకెట్లు పోతుంటాయి కనుక కీ అమర్చుకోమని చెప్పే మూడో సందేశాన్ని రౌటర్ మళ్లీ పంపవచ్చు. అందగానే ల్యాప్‌టాప్ అదే కీని మళ్లీ అమర్చుకుని, ప్యాకెట్ల లెక్కను మొదటికి తెచ్చేసేది. వాడిన వరుస మళ్లీ వాడకంలోకి వచ్చేది. అంటే వెప్‌ను ముంచిన పాపమే ఇదీ. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది మన సప్లికెంట్ ప్రోగ్రామే. పని అయిపోయిన కీని జ్ఞాపకంలోంచి చెరిపేయడం మంచి అలవాటు కదా, 2.4 వెర్షన్ నుంచి అది అలాగే చేస్తోంది. మూడో సందేశం రెండోసారి వచ్చినప్పుడు అమర్చుకోవడానికి కీ ఉండేది కాదు, చెరిపిన చోట అన్నీ సున్నాలు. ఆ సున్నాలనే కీగా అమర్చుకునేది. లినక్స్ డెస్క్‌టాప్‌లు, ఆండ్రాయిడ్ 6 ఫోన్లు అందరికీ తెలిసిన కీతో మాట్లాడేవన్నమాట. లినక్స్‌కు అతుకు లోపం వెల్లడైన రోజే వచ్చేసింది. ఫోన్లకు రావడం మాత్రం ఆయా కంపెనీల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది.

పాస్‌వర్డ్ గాలిలో ఎగరదు కానీ హ్యాండ్‌షేక్ ఎగురుతుంది. దాన్ని పట్టుకున్నవాడు తీరిగ్గా ఇంట్లో కూర్చుని ఊహలు సరిచూసుకోవచ్చు. మన ఇళ్లలో చాలామంది మొబైల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెడతారు. 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల సంఖ్యలు 400 కోట్లు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలకు పైగా సరిచూడగలదు, కనుక అన్నీ చూడటం మహా అయితే గంటా పది నిమిషాల పని. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ దారి మూసింది. డాన్ హార్కిన్స్ రూపొందించిన డ్రాగన్‌ఫ్లై పద్ధతిలో ఒక్కో ఊహకూ రౌటర్‌తో ముఖాముఖి మాట్లాడాల్సిందే, పట్టుకెళ్లిన సంభాషణ మీద లెక్కలు నడవవు. 2019లో వాన్‌హూఫ్, ఎయల్ రోనెన్ దీనిలోనూ కొన్ని లొసుగులు చూపారు. వాటిని సరిదిద్దారు.

డబ్ల్యూపీఏ3లో పాస్‌వర్డ్ పరీక్ష జరిగేది అథెంటికేటింగ్ మెట్టు దగ్గరే. ఇరవై ఏళ్లు లాంఛనంగా ఉన్న మెట్టుకు పని దొరికింది. తప్పు పాస్‌వర్డ్ అయితే అసోసియేటింగ్ దాకా పోనే పోదు. పాత కార్డులున్న ల్యాప్‌టాప్‌లలో మాత్రం కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలగలిపిన మోడ్‌లో ఉంటే పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా తగులుకోకపోవచ్చు. కొత్త పద్ధతి పట్టుబట్టే మేనేజ్‌మెంట్ ఫ్రేముల రక్షణ, అంటే పీఎంఎఫ్, ఆ డ్రైవర్లకు సరిగా రాకపోవడమే కారణం. అప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ ఆదేశమైన ఎన్‌ఎంసీఎల్‌ఐతో ఆ ఒక్క కనెక్షన్‌కు పీఎంఎఫ్ ఆపేసి చూడాలి. ల్యాప్‌టాప్ డబ్ల్యూపీఏ2కు దిగి తగులుకుంటే, మార్చాల్సింది పాస్‌వర్డ్‌ను కాదు, డ్రైవర్‌నో కార్డునో.