నిప్పురవ్వ... ఓ క్షణం ముందే!

అలిపిరి దాటి అంబాసిడర్ ఘాట్ రోడ్డు ఎక్కింది. వెనక సీట్లో నలుగురు, డిక్కీ నిండా పెట్టెలు, ముందు సీట్లో బామ్మ ఒళ్లో పిల్లాడు. రెండు మలుపులు తిరిగేసరికి బానెట్ కింద నుంచి టకటకమని చప్పుడు... డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. డ్రైవర్ గేరు తగ్గించాడు. చప్పుడు ఆగింది. పై గేరు వేసి తొక్కగానే మళ్లీ మొదలు!

'ఏమైందయ్యా?' అంది బామ్మ కంగారుగా.

'ఏం లేదమ్మా, మా మెకానిక్ టైమింగ్ కాస్త ముందుకు పెట్టాడు. కొండ దిగాక వెనక్కి తిప్పిస్తా.'

అంబాసిడర్లు, ఫియట్లు ఏలిన రోజుల్లో కారులో కొండెక్కిన కుటుంబాలకు ఈ చప్పుడు కొత్తేం కాదు. ఆ 'ముందుకు, వెనక్కి' వ్యవహారమే ఇంజన్ బలాన్నీ, మైలేజీనీ, ఒక్కోసారి ఆయుష్షునీ తేలుస్తుంది. (డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి ఆ కార్లవాళ్లకు ఈ బెంగ లేదు.)

పిస్టన్ పైకొచ్చి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ రవ్వ విసురుతుంది. మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. వినడానికి ఇంతే. కానీ మంట ఒక్కసారిగా అంటుకోదు. సిలిండరంతా పాకడానికి సుమారు రెండు మిల్లీ సెకన్లు... అంటే సెకనులో అయిదొందలో వంతు పడుతుంది. అంతలో ఇంజన్ ఊరుకుంటుందా? నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంక్ ఒక్క మిల్లీ సెకనులోనే 18 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ పూర్తిగా పైకి చేరకముందే రవ్వ పడాలి. అప్పుడే అది పైకి చేరి కిందికి మళ్లాక, 15 డిగ్రీలు దాటే వేళకు గట్టి దెబ్బ తగులుతుంది.

ఐడిలింగ్‌లో అయిదారు డిగ్రీల ముందు రవ్వ పడితే సరిపోయే ఇంజన్‌కు, వేగం మీద ముప్ఫై డిగ్రీల ముందే కావాలి. పాత కార్లలో ఈ లెక్క చూసింది కంప్యూటర్ కాదు... డిస్ట్రిబ్యూటర్‌లోని రెండు చిన్న బరువులు, వాటికి రెండు స్ప్రింగులు! వేగం పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని రవ్వను ముందుకు జరిపేవి. పక్కనే వ్యాక్యూమ్ డబ్బా ఒకటి, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో గమనిస్తూ.

అంతకు ముందైతే ఆ పనీ మనిషిదే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు స్టీరింగ్ కింద ఎడమ వైపున రవ్వను జరిపే మీట ఉండేది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేముందు దాన్ని వెనక్కి నెట్టడం మరిచారా... ఇంజన్ ఎదురు తన్నేది. మణికట్లు విరిగిన వాళ్లున్నారు.

మరి టైమింగ్ వెనకబడితే? చప్పుడేం రాదు, అదే చిక్కు. పిస్టన్ దిగిపోతుండగా మంట లేస్తుంది. సగం వేడి సైలెన్సర్ గుండా వృథాగా పోతుంది. పికప్ పడిపోతుంది, ఇంజన్ కాగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. పాయింట్ల మడమ అరిగి గ్యాప్ తగ్గేకొద్దీ టైమింగ్ దానంతటదే వెనక్కి జారుతుంది. పాపం యజమాని కార్బురేటర్‌ను తిట్టుకుంటాడు.

ముందుకు జరిపితే మొదట్లో బండి హుషారుగా ఉంటుంది. 'పికప్ ఎలా ఉంది సార్?' అని మెకానిక్ మురిసిపోతాడు. హద్దు దాటితే మాత్రం ప్రమాదం. ఒత్తిడికీ వేడికీ మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. పట్టించుకోకుండా తోలితే రింగులు విరుగుతాయి, పిస్టన్ నెత్తికి చిల్లు పడుతుంది. అంటే ఇంజన్ విప్పాల్సిందే!

ఆక్టేన్ సంఖ్య ఎక్కువున్న పెట్రోలు ఈ నాకింగ్‌ను తట్టుకుంటుంది. ఒకప్పుడు అందుకోసమే సీసం కలిపేవారు. ఆరోగ్యానికి చేటని మన దేశంలో 2000 ఫిబ్రవరిలో ఆపేశారు. అలాగని ఖరీదైన పెట్రోలు పోయిస్తే ఏ కారైనా పరుగెడుతుందనుకోవడం భ్రమే. నాకింగ్ లేని పాత ఇంజన్‌లో, టైమింగ్ కదపకుండా, అది పోయించినా తగ్గేది జేబు బరువే.

ఇప్పటి కార్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. చాలా ఇంజన్లకు నాక్ సెన్సర్ కాపలా ఉంటుంది. మనకు వినపడేలోపే తను విని, రవ్వను కొన్ని డిగ్రీలు వెనక్కి లాగి, మెల్లగా మళ్లీ ముందుకు తెస్తుంది. తిప్పడానికి మెకానిక్‌కు బోల్టు లేదు.

2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. అయినా నాన్నగారి కారని అమ్ముకోలేక దాచుకున్నవాళ్లున్నారు. అలాంటి బండికి ముందు పాయింట్ల గ్యాప్ చూసి, ఆ తర్వాతే టైమింగ్ పెట్టాలి. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది మరి. లైటు వేసి, గుర్తులు కలిపి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పి బోల్టు బిగించడం సగం పనే. చేయి తిరిగిన మెకానిక్ బండిని ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్తాడు. ఎక్కుతుండగా టాప్ గేరులో ఒక్కసారి గట్టిగా తొక్కుతాడు. టిక్ టిక్‌మని లీలగా వినపడి, వేగం అందుకోగానే మాయమైతే లెక్క కుదిరినట్టే. ఆగకుండా వస్తుంటే, పక్కన ఆపి బానెట్ ఎత్తుతాడు.